వియన్నాకు మూడు రాత్రులా, బుడాపెస్ట్‌కు మూడు రాత్రులా?

ఐరోపాకు మొదటిసారి వెళ్లేవారు వియన్నాను, బుడాపెస్ట్‌ను ఒకే యాత్రలో కలుపుకోవడానికి తగిన కారణాలే ఉన్నాయి. ఆస్ట్రియా రాజధాని నుంచి హంగరీ రాజధానికి నేరు రైలులో సుమారు రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది, డాన్యూబ్ నది రెండు ఊళ్లలోనూ పారుతుంది, 1867 నుంచి 1918 వరకు ఇవి ఒకే చక్రవర్తి ఏలుబడిలోని జంట రాజ్యానికి రెండు రాజధానులుగా ఉన్నాయి. కాబట్టి రెండూ చూడాలన్నది తేలిక నిర్ణయమే. చేతిలో ఉన్న ఏడు రాత్రుల్లో ఏ ఊరికి నాలుగు, ఏ ఊరికి మూడు అన్న దగ్గరే చిక్కు వస్తుంది.

ఈ లెక్క విమానం టికెట్ కన్నా ముందే తేలాలి. షెంజెన్ వీసా ఒక్కటి ఉంటే రెండు దేశాలూ తిరగవచ్చు గానీ, దరఖాస్తు మాత్రం ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికి పెట్టుకోవాలి; రెండు చోట్లా సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టుకోవాలి. వియన్నాలో నాలుగు రాత్రులు ఉంటామని ఆస్ట్రియాకు దరఖాస్తు చేసి, తరువాత హోటళ్లు మార్చేసుకుని బుడాపెస్ట్‌లో ఐదు రోజులు గడపడం సరైన పద్ధతి కాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు వరకు దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. మన వేసవి సెలవుల్లో వెళ్లదలచినవారు సంక్రాంతి నాటికే రాత్రుల పంపకం తేల్చుకుంటే, అపాయింట్‌మెంట్ల కోసం పరుగులు పెట్టే పని తప్పుతుంది.

ఇక ఊళ్ల సంగతి. నా దృష్టిలో వియన్నా గొప్పదనమంతా తలుపుల లోపల ఉంటుంది, బుడాపెస్ట్ గొప్పదనమంతా ఆరుబయట ఉంటుంది. తక్కిన తేడాల్లో చాలా భాగం దీని నుంచే పుడతాయి. వియన్నాలో 1,441 గదుల షోన్‌బ్రున్ రాజభవనం ఉంది, బ్రూగెల్ చిత్రాలు మరెక్కడా లేనన్ని ఒకేచోట ఉన్న కళాచరిత్ర మ్యూజియం ఉంది, క్లిమ్ట్ గీసిన 'ముద్దు' చిత్రం ఉన్న బెల్వెడేర్ మ్యూజియం ఉంది, 1869లో తెరిచిన ఒపేరా ఉంది. వీటిలో ప్రతిదానికీ టికెట్ కొనాలి, షోన్‌బ్రున్‌కైతే సమయం కూడా ముందే ఎంచుకోవాలి. తోటలు మాత్రం ఉచితం. పెద్దల టికెట్లు కలిపితే సొమ్ము బాగానే అవుతుంది, కాకపోతే బెల్వెడేర్‌లోనూ కళాచరిత్ర మ్యూజియంలోనూ పంతొమ్మిదేళ్ల లోపు వారికి ప్రవేశం ఉచితం కనుక, పిల్లలతో వెళ్లేవారికి ఆ భారం కొంత తగ్గుతుంది. సంగీతం మీద ఆసక్తి ఉన్నా డబ్బు చూసుకునేవారు ఒపేరాలో నిలబడి చూసే టికెట్లకు వరుసలో నిలవవచ్చు. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ ప్రదర్శనలు ఉండవన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

వియన్నా కాఫీ హోటళ్లు కూడా లోపల కూర్చునే సుఖం కిందికే వస్తాయి. వెండి రంగు పళ్లెంలో కాఫీ కప్పు, పక్కన గ్లాసుడు మంచినీళ్లు పెట్టి వెళ్లిన తరువాత, మీరు రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఫిల్టర్ కాఫీ చిక్కదనం అక్కడ వెతుక్కుంటే నిరాశే మిగులుతుంది గానీ, ఆ నీళ్లు రుచిగా ఉంటాయి. ఆల్ప్స్ కొండల ఊటల నుంచి నగరానికి నీళ్లు తెచ్చే మొదటి గొట్టపు మార్గం 1873లో పూర్తయింది.

విచిత్రంగా అదే 1873లో బుడా, ఓబుడా, పెస్ట్ అనే మూడు ఊళ్లు కలిసి బుడాపెస్ట్ అయ్యాయి. (అక్కడివారు బుడాపెష్ట్ అంటారు.) పడమటి ఒడ్డున బుడా కొండలు, తూర్పు ఒడ్డున చదునైన పెస్ట్, మధ్యలో వెడల్పాటి నది, దాని మీద 1849లో తెరిచిన గొలుసు వంతెన. ఈ దృశ్యానికి టికెట్ లేదు. పెస్ట్ ఒడ్డు వెంట పోయే రెండో నంబరు ట్రామ్ ఎక్కితే సాధారణ ఛార్జీకే 268 మీటర్ల పొడవున్న పార్లమెంటు భవనం పక్కగా వెళ్లవచ్చు. చీకటి పడ్డాక ఎదుటి ఒడ్డు నుంచి దీపాల వెలుగులో దాన్ని చూడటం వేరే అనుభవం. పార్లమెంటు ఉన్న పెస్ట్ ఒడ్డునే, దానికి కాస్త దక్షిణాన, ఇనుముతో పోతపోసిన అరవై జతల బూట్లు నేల మీద ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యూదులను నది అంచున నిలబెట్టి కాల్చినదానికి గుర్తుగా 2005లో వాటిని అక్కడ ఉంచారు. ఫొటోల తొందరలో వాటిని దాటిపోవద్దు.

వేడినీటి స్నానశాలలు బుడాపెస్ట్ ప్రత్యేకత. 1913లో తెరిచిన సేచేన్యిలో చలికాలంలో సైతం ఆరుబయట ఆవిరులు కక్కే నీళ్లలో కూర్చోవచ్చు. ఆడా మగా కలిసి ఈత దుస్తుల్లోనే దిగాలి గనుక, మొహమాటపడే పెద్దలు ఇంట్లో ఉంటే ఈ మాట ఇక్కడే చెప్పి ఉంచడం మంచిది. పిల్లలకు ప్రవేశ వయసు నిబంధన కూడా ముందే చూసుకోవాలి.

ఖర్చులో బుడాపెస్ట్‌దే పైచేయి: హోటల్ గది గానీ భోజనం గానీ సాధారణంగా వియన్నా కన్నా చవక. కాకపోతే అక్కడ యూరో కాదు, ఫోరింట్ నడుస్తుంది. భోజనం బిల్లు వేలల్లో వస్తే కంగారుపడనక్కర లేదు. ఏటీఎం మాత్రం "మీ రూపాయల్లో లెక్క కట్టమంటారా" అని అడిగితే వద్దని చెప్పాలి, ఆ మారకం రేటు నష్టదాయకం. శాకాహారులకు రెండూ కొంత పరీక్షే. బుడాపెస్ట్‌లో లాంగోష్ అనే పెద్ద పూరీ వంటిది మీగడ, చీజ్‌తో దొరుకుతుంది. ఫోజెలేక్ అనే చిక్కటి కూర మన పప్పుకూరకు దూరపు చుట్టంలా ఉంటుంది, అయితే పైన మాంసం వేయవద్దని ముందే చెప్పాలి. వియన్నాలో ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు బుడాపెస్ట్‌లో పడేలా చూసుకోవడం తెలివైన పని.

భాష దగ్గర ఒక చిన్న ముచ్చట. హంగేరియన్ బోర్డులు మొదట బెదరగొడతాయి, కానీ అక్కడ 'హాజ్' అంటే ఇల్లు, 'హాజ్‌బాన్' అంటే ఇంట్లో. మనలాగే మాట చివర ప్రత్యయం చేర్చే భాష అది. రైలు బోర్డు మీద 'బేచ్' అని కనిపిస్తే అది వియన్నాకు హంగేరియన్ పేరు.

మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులతో వెళ్లేవారు, లేదా నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లేవారు వియన్నాకే నాలుగు రాత్రులు ఇవ్వాలి. ఊరి నడిబొడ్డు చాలావరకు చదును, వాన వచ్చినా చలి కొరికినా దూరేందుకు మ్యూజియంలు ఉన్నాయి. మే నెలలోనో సెప్టెంబరులోనో వెళ్లే, నడవగలిగిన వారికి మాత్రం బుడాపెస్ట్‌కు నాలుగు, వియన్నాకు మూడు అన్నది నా తూకం. దారిలో స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా కూడా చూద్దామన్న ఆశ పుడుతుంది. వియన్నా నుంచి గంట ప్రయాణమే అయినా, ఏడు రాత్రుల యాత్రలో దాన్ని వదిలేయమనే చెబుతాను.

ఏ పంపకమైనా వరుస మాత్రం వియన్నా ముందు, బుడాపెస్ట్ తరువాత. గల్ఫ్ మీదుగా రెండు ఊళ్లకూ విమానాలు ఉన్నాయి గనుక వియన్నాలో దిగి బుడాపెస్ట్ నుంచి తిరిగివచ్చేలా ఒకే టికెట్ తీసుకుంటే, వెనక్కి మళ్లీ రైలెక్కే పని ఉండదు. వియన్నా నుంచి మధ్యాహ్నపు రైలు పట్టుకుంటే, మే నెలలో సాయంత్రం వెలుతురు ఉండగానే కెలెతి స్టేషన్‌లో దిగి, సామాను గదిలో పడేసి, దీపాలు వెలిగే వేళకు నది ఒడ్డుకు చేరుకోవచ్చు.