ఉంగరాల జుట్టుకి బియ్యం నీళ్లా, అవిసె జెల్లా?

నా జుట్టు చూసి ఎవరు పలకరించినా మాట చివరికి ఇక్కడికే వస్తుంది: "అక్కా, బియ్యం నీళ్లు పెట్టమంటావా, అవిసె గింజల జెల్ రాసుకోమంటావా?" రెండూ వంటింటి సరుకులే, పెద్ద ఖర్చు లేనివే. అందుకే ఏదో ఒకటి చేసేస్తే పోలా అనుకుంటారు. కానీ ఒకటి చేసే పని ఇంకోటి చేయదు.

ముందు బియ్యం నీళ్ల సంగతి. ఇందులో మూడు రకాలున్నాయి: బియ్యం కడిగిన కడుగు, అదే కడుగు పులిసింది, అన్నం వార్చిన గంజి. వీడియోల్లో మూడింటికీ ఒకటే పేరు, తేడాలొచ్చేది అక్కడే. నా వరకు గంజి మొదటే పక్కకు పోతుంది. నూలు చీరకు గంజి పెడితే ఎలా బిరుసెక్కుతుందో జుట్టుకీ అంతే. ఆరగానే ఉంగరాలు విడివిడిగా నిలబడి ముచ్చటగానే కనిపిస్తాయి. చెయ్యి పెడితే మాత్రం గరగరలాడతాయి, చిక్కు తీయబోతే అక్కడికక్కడ తెగుతాయి. ఇంట్లో గంజే ఉందంటే దానికి మూడు నాలుగింతల నీళ్లు కలిపి పల్చన చేసుకోవాలి.

పులిసిన కడుగులో కొంత మేలుంది. పులుపెక్కిన నీళ్లకి వెంట్రుక పైపొర సర్దుకుని మెరుపు వస్తుంది. తరవాణి కుండ ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ వాసన కూడా కొత్త కాదు. అయితే రెండు రోజులు బయట పెట్టమనే కొలత చల్లటి ఊళ్లకి సరిపోతుంది. మన ఎండాకాలంలో ఒక రాత్రికే పులిసిపోతుంది. కుళ్లు వాసన వచ్చినా, పైన తెట్టు కట్టినా పారబోయాల్సిందే. నేనైతే పులియనిదే వాడతాను. మొదటిసారి కడిగిన నీళ్లు దుమ్ముతో ఉంటాయి కాబట్టి పారబోసి, రెండోసారి పోసిన నీళ్లలో బియ్యం అరగంట నానబెట్టి, చేత్తో కలిపి వడకడితే చాలు.

కడుగుకి ఇంత పేరు ఊరికే రాలేదు. చైనాలోని గ్వాంగ్షీ ప్రాంతంలో హువాంగ్లువో అనే ఊరుంది. అక్కడి యావో స్త్రీలు పొడవాటి జుట్టుకి ప్రసిద్ధి. వాళ్లు తల కడుక్కునేది పులిసిన కడుగుతోనే, అందులో పంపర పనస తొక్కలు కూడా వేస్తారు. జపాన్‌లో వెయ్యేళ్ల కిందటి హెయాన్ కాలపు రాజాస్థాన స్త్రీలకూ ఈ అలవాటు ఉండేదని చెబుతారు. కడుగు వెంట్రుకల మధ్య రాపిడి తగ్గిస్తుందని, సాగే గుణం పెంచుతుందని జపాన్ పరిశోధకులు 2010లో ఒక వ్యాసం ప్రచురించారు. జుట్టు పొడుగు పెరుగుతుందన్న మాటకి మాత్రం గట్టి ఆధారం లేదు.

ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. ఆ యావో స్త్రీలది తిన్నని జుట్టు. మాడున ఊరే నూనె తిన్నని వెంట్రుక మీద చివరిదాకా జారుతుంది. ఉంగరాల వెంట్రుక మీద అన్ని మలుపులు దాటి వెళ్లలేదు. పైగా మెలిక తిరిగిన చోటల్లా పైపొర కాస్త లేచి ఉంటుంది, ఉన్న తేమ అక్కడినుంచి పోతుంది. అందుకే ఉంగరాల జుట్టుకి మొదటి కరువు తేమే. కడుగు ఇచ్చేది బిగువు, నునుపు. తేమ ఇవ్వదు. నా దృష్టిలో తేల్చేది ఇదే.

మీ జుట్టుకి ఏది తక్కువైందో తలస్నానం రోజు చూసుకోవచ్చు. రాలిన తడి వెంట్రుక ఒకటి తీసుకుని, రెండు చేతులతో పట్టి మెల్లగా లాగండి. కాస్త సాగి మళ్లీ వెనక్కి ముడుచుకుంటే బాగున్నట్టే. సాగకుండా పుటుక్కున తెగితే తేమ లేదు, అలాంటి జుట్టుకి కడుగు పెడితే ఇంకా పెళుసవుతుంది. సాగుతూ పోయి వెనక్కి రాకుండా వేలాడిపోతే బిగువు పోయినట్టు. రంగులు, స్ట్రెయిట్‌నింగ్‌తో దెబ్బతిన్న జుట్టు ఎక్కువగా ఇలాగే ఉంటుంది, కడుగు పనికొచ్చేది దీనికే. అదీ రెండు మూడు వారాలకొకసారి, పది పదిహేను నిమిషాలు ఉంచి, బాగా కడిగేసి, తర్వాత కండిషనర్ తప్పకుండా రాయాలి. రాత్రంతా ఉంచుకోవద్దు. చుండ్రు, దురద ఉంటే మాడుకి తగలనివ్వద్దు.

మిగతా అందరికీ నేను చెప్పేది అవిసె జెల్. పావు కప్పు గింజలు రెండు కప్పుల నీళ్లలో వేసి, అడుగంటకుండా కలుపుతూ సన్నసెగ మీద మరిగించాలి. గరిటె ఎత్తితే తెల్లసొనలా తీగ సాగగానే దించేసి, వేడిమీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారనిచ్చారో, ఇక ఎంత పిండినా దిగదు. నీళ్లు కారుతున్న జుట్టుకే పాయలు పాయలుగా రాసి, కింద నుంచి పైకి గుప్పిట్లో నొక్కి వదిలేయాలి, దువ్వెన ముట్టకూడదు. ఆరాక పైన గట్టి పొరలా తగిలితే కంగారు పడొద్దు, అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనె రుద్దుకుని నలిపితే మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో వారం నిలవుంటుంది. ఉంగరాన్ని పట్టి ఉంచుతూనే తేమని త్వరగా పోనివ్వదు, నాకు ఇది నచ్చేది అందుకే.

మెంతులు, మందారాకు కూడా జిగురుతోనే పనిచేస్తాయి, పర్వాలేదు. ఉంగరాల్లో చిక్కుకున్న మెంతి పిప్పి వదిలించుకోవడం మాత్రం నరకం. కలబంద ఒక్కటే రాస్తే ఆరాక పట్టు ఉండదు.

బోరు నీళ్ల ఇళ్లలో ఉప్పదనం ముందే వెంట్రుక మీద పేరుకుని ఉంటుంది. దానిమీద బియ్యం పిండి పొర కూడా చేరితే జుట్టు మొద్దుబారిపోతుంది. ఆఖరి రెండు మగ్గులు తాగే నీళ్లు పోసుకున్నా తేడా తెలుస్తుంది.

స్ట్రెయిట్‌నింగ్ మానేసి సొంత ఉంగరాలు పెంచుకుంటున్నవాళ్లకి రెండూ కావాలి. కొత్తగా వచ్చిన ఉంగరాలకి కడుగు తగలనివ్వకుండా, దెబ్బతిన్న చివర్లని మాత్రం గిన్నెలో ముంచి ఉంచండి. కడిగి కండిషనర్ పెట్టాక తల మొత్తానికీ జెల్ రాయండి. ఆ చివర్లు కత్తిరించేసిన రోజు నుంచి కడుగు మానేయొచ్చు.