పాత ఇల్లు: మ్యూజియమా, కాపురమా?

పాత ఇంటిని నిలబెట్టాలని ఊరివాళ్లు పూనుకుంటే దారులు రెండే. ఒకటి స్మారకంగా మార్చడం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు అలాగే నిలిచింది. 1881లో వితంతు వివాహం జరిపించిన మనిషి ఇల్లు కాబట్టి దానికి ఆ దారే సరి.

కానీ కోనసీమలో ప్రతి మండువా లోగిలికీ (నడుమ పైకప్పు లేని వాకిలి ఉన్న పాత పెంకుటింటికి) అంత పేరు ఎక్కడిది? వాటికి రెండో దారే నయం: మనుషులు కాపురముంటూ కాపాడుకోవడం. తాళం వేసిన ఇంట్లో ఒక్క పెంకు జారినా అడిగే దిక్కుండదు. వాన నీళ్లు వాసాల్లోకి దిగుతాయి, చెద పడుతుంది. మనుషులుంటే ఆ రోజే నిచ్చెన వేస్తారు. పెంకులు సర్దే పనివాళ్లు దొరకడమే కష్టం గనక, వీధివాళ్లంతా కలిసి ఒకేసారి పిలిపించుకుంటే కూలి కూడా కలిసొస్తుంది.

ఈ దారిలోనూ చిక్కులు లేకపోలేదు. అన్నదమ్ముల వాటాలు తేలవు (అసలు ఇళ్లు కూలేది వానకన్నా వీటివల్లే అనిపిస్తుంది). పైగా సున్నపు గోడకి తొందరపడి సిమెంటు పూసేస్తారు. లోపలి చెమ్మ బయటికి పోలేక పూత పెళ్లలుగా ఊడుతుంది. ఆ గోడకి మళ్లీ గానుగ సున్నమే (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) పూయాలి.