సోలార్ లెక్కలో కోతుల పద్దు

హనుమకొండలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాక ఇది రెండో ఎండాకాలం. వాట్లు, వారంటీల సంగతి అందరికీ తెలిసిందే. నా కడుపుమంటంతా కోతుల మీద.

మొదటి ఏడాది అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "పెట్టించుకుని మర్చిపోవచ్చు" అని చెప్పుకుంటూ తిరిగాను. బిల్లు వరకైతే అది నిజమే. అంతకుముందు రెండు ఏసీలతో మే నెలలో 450 యూనిట్లు ఖర్చయ్యేవి. 200 దాటామంటే మొదటి యూనిట్ నుంచే 5.10 రూపాయలు, పైకి పోయేకొద్దీ 9.50 దాకా. మూడు వేలు దాటేది. సోలార్ రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇవ్వడంతో లెక్క వంద లోపుకు దిగి, బిల్లు నాలుగొందలు దాటలేదు.

ఈ మార్చి బిల్లు మాత్రం 2,700 పైచిలుకు. మీటర్ రీడింగ్ తప్పనుకుని తగువుకు దిగబోయాను. చూస్తే ఎక్స్‌పోర్ట్ గడిలో, అంటే మా సోలార్ నుంచి లైన్‌కు పోయిన కరెంటు లెక్కలో, అంకె పోయిన నెలకంటే నాలుగు యూనిట్లే పెరిగింది. ఫోన్‌లో యాప్ తెరిస్తే చివరి రీడింగ్ సంక్రాంతి నాటిది. వైఫై పాస్‌వర్డ్ మార్చి, ఆ రీడింగ్‌లు పంపే సోలార్ ఇన్వర్టర్‌కు కొత్తది ఇవ్వలేదు. ఆ తప్పు నాదే. మెట్ల కింద ఇన్వర్టర్‌కు ఎర్ర లైటు ఎన్నాళ్లుగా వెలుగుతోందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

పైకెక్కి చూస్తే ఒక ప్యానెల్ మీద సగం కొరికిన జామకాయ. కింద వైరు పట్టుకుని కోతులు ఊగినట్టున్నాయి, కనెక్టర్‌లోంచి తీగ ఊడి రాగి పోగులు బయటపడ్డాయి. ఆరు ప్యానెళ్లూ దండలా గుచ్చినట్టు ఉంటాయి కదా, ఒక్కచోట ఊడితే ఆరూ ఆగినట్టే. బిగించినవాళ్లకు ఫోన్ చేస్తే, ఎండలో ఆ తీగలో కరెంటు ఉంటుంది, ముట్టుకోవద్దన్నారు. ఆ తర్వాత, "కోతులు వారంటీలోకి రావు సార్." వాళ్లు వచ్చేసరికి ఇంకో తొమ్మిది రోజులు. కొత్త కనెక్టర్, వైర్లకు పైపు, కూలీ కలిపి 1,800.

(పట్టపగలు కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని ముందే చెప్పారు కాబట్టి దాని మీద కోపం లేదు. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా పెడతారు.)

ఇప్పుడు రోజూ టీ తాగుతూ యాప్ చూస్తాను. మర్చిపోవచ్చన్న మాట వెనక్కి తీసుకున్నట్టే. 78,000 సబ్సిడీ పోను నా చేతి నుంచి లక్ష పైనే పడింది. ఏసీలు ఇలాగే నడిస్తే ఐదారేళ్లలో తిరిగొస్తుందని నా అంచనా. పిల్లలు చదువులకు హైదరాబాద్ వెళ్లిపోతే ఆ అంచనా నిలవదు.

కాజీపేటలో మా తోడల్లుడికి తెల్ల రేషన్ కార్డు ఉంది, నెలకు 150 యూనిట్లు కూడా కాలవు. గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వస్తోంది. పెట్టించమంటావా అని అడిగితే వద్దన్నాను. అయినా పైకొచ్చి చూసి, "చుట్టూ జాలీ కొట్టించు బావా" అని సలహా ఇచ్చి పోయాడు. ఆ జాలీ ఖర్చు ఈ లెక్కలో ఇంకా కలపలేదు.