ఇంటి దగ్గర అటెండర్ సర్వీసు: రెండేళ్లు దాటాక నా సమీక్ష

మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆస్పత్రి నుంచి వైజాగ్ సీతమ్మధారలోని మా ఇంటికి తెచ్చిన రోజు నుంచీ అటెండర్లు ఉన్నారు. మొదట ఒక ఏజెన్సీ, ఏడాది తిరక్కుండానే ఇంకొకటి. రెండిటి పేర్లూ రాయను. పంపే మనుషుల్లో పెద్ద తేడా లేదు: శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఆరిలోవలోనో గాజువాకలోనో గది తీసుకుని ఉండే ఆడవాళ్లు. ఆ మనిషిని మన ఇంట్లో దింపాక ఏజెన్సీ ఏం చేస్తుందన్న దగ్గరే తేడా అంతా.

మొదటి ఏజెన్సీ వాళ్లు ఫోన్లో "నర్స్‌ని పంపుతున్నాం మేడమ్" అన్నారు. వచ్చినామె పదో తరగతి, ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేసిన అనుభవం. మనిషి బంగారం. స్నానం, డైపర్, తిండి, కబుర్లు... వీటిలో ఆమెని మించినవాళ్లు ఇప్పటికీ మా ఇంటికి రాలేదు. బిల్లు మాత్రం నర్స్ రేటు. జీఎన్ఎం అంటే మూడేళ్ల నర్సింగ్ చదువు, ఏఎన్ఎం అంటే రెండేళ్లది, చదివినవాళ్లకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. సూదులు వేయాలన్నా, యూరిన్ పైపు మార్చాలన్నా, ముక్కు గొట్టం చూసుకోవాలన్నా ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అవేవీ అవసరం లేకపోతే అటెండర్ చాలు, ఆ రేటే ఇవ్వండి. తెల్లకోటుకి డబ్బులెందుకు?

"ఇరవై నాలుగ్గంటల మనిషైతే మీకు చవక" అని కూడా చెబుతారు. చవకే. కానీ ఆ మనిషి పడుకునేది ఎప్పుడు? మంచాన ఉన్నవాళ్లని రాత్రి కూడా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పగలంతా చాకిరీ చేసి, రాత్రి రెండింటికి మళ్లీ లేచి, ఒక్కతే అంత బరువు తిప్పాలంటే ఎవరివల్లా కాదు. అత్తయ్యగారి నడుం కింద చర్మం కమిలింది ఆ నెలల్లోనే. ఆ అమ్మాయిని ఒక్క మాట కూడా అనలేదు. ఇరవై నాలుగ్గంటలని అమ్మిన ఏజెన్సీ మీదే నాకు కోపం.

తర్వాత రెండు డ్యూటీలు పెట్టుకున్నాం. అక్కడ ఇంకో గొడవ. పొద్దున ఎనిమిదింటికి మనిషి మారాలి. రాత్రామెకి కొత్తవలస బస్సు తొందర, పగటామె ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారే కాదు. ఒకరోజు రాత్రామె ఇన్సులిన్ వేసి వెళ్లిపోయింది. పగటామె వచ్చి, టిఫిన్ పెట్టే ముందు మళ్లీ వేసింది. పదకొండింటికి అత్తయ్యగారికి చెమటలు, పిలిస్తే అరకొరగా పలుకుతున్నారు. గ్లూకోమీటర్‌లో 52. డెబ్బై కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క. మెలకువగానే ఉన్నారు, మింగగలుగుతున్నారు కాబట్టి లేపి కూర్చోబెట్టి గ్లూకోజ్ నీళ్లు చెంచాతో పట్టించాం, పావుగంటకి మళ్లీ చూశాం. డాక్టరుగారు ఫోన్లో చెప్పినట్టు సాయంత్రం దాకా వేళ్లు గుచ్చుతూనే ఉన్నాం. ఏజెన్సీకి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "అది మీరు చూసుకోవాలి కదా మేడమ్." ఆ నెలతో వాళ్లకి సెలవు.

రెండో ఏజెన్సీ దగ్గర నాకు నచ్చింది సూపర్‌వైజర్. వయసు మళ్లిన నర్స్, చెప్పకుండా వస్తుంది. వచ్చిన మొదటి రోజే దుప్పటి తీసి మడమలు చూసింది. అప్పటిదాకా అందరం నడుమే చూస్తున్నాం. కందిన చోట వేలితో నొక్కి వదిలింది. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫర్వాలేదట, నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టట. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా లేపింది. ఎర్రబడ్డ చోట నూనెతో రుద్దమని మా ఆడపడుచు అనేది. రుద్దితే లోపల కండ ఇంకా నలుగుతుందని ఆవిడ ఆపేసింది. పరుపు మీద రెక్సిన్ కూడా తీయించింది. మన వైజాగ్ ఉక్కలో రెక్సిన్ అంటే వీపు రోజంతా తడే.

మనిషిని పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి లాగొద్దని చెప్పింది. దుప్పటి మడతపెట్టి ఒంటి కింద వేసి, చెరో వైపు ఇద్దరు పట్టుకుని జరపాలి. పక్షవాతం వచ్చిన భుజం లాగితే పట్టు తప్పుతుంది. ఇలా దుప్పటితో జరిపితే అటెండర్ల నడుమూ బతుకుతుంది. రాత్రి డ్యూటీలో రెండో మనిషి మా ఆయనే. అందుకోసం లేస్తారు, గొణుక్కుంటూ.

ఇప్పుడు ఇన్సులిన్ నేనే వేసి ఆఫీసుకి వెళ్తాను. మిగిలినదంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఉంటుంది: టైము, ఏ పక్క, బీపీ, షుగరు, వేసిన మందు, యూరిన్, మోషన్, సంతకం. ముందుగా ఎవరూ రాసిపెట్టకూడదు, చేశాకే రాయాలి. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ పావుగంట మంచం దగ్గర నిలబడి ఆ పేజీ పైకి చదవాలి. ఆ పావుగంటకి విడిగా డబ్బు ఇస్తాం. మొదట్లో రాయడానికి విసుక్కున్నారు, ఇప్పుడు నాకంటే బాగా రాస్తున్నారు. మొన్న రాత్రి పేజీలో ఇలా ఉంది: "2.10 ఎడమ పక్క. మడమ బాగుంది. నీళ్లు తాగినప్పుడు దగ్గు లేదు. మామ్మగారు కోపంగా ఉన్నారు."

కెమెరా గురించి చాలామంది అడుగుతున్నారు. మేము పెట్టి, తీసేశాం. మంచం వైపు తిప్పితే అత్తయ్యగారి డైపర్ మార్చడం మా మరిది ఫోన్లో కనబడుతుంది, గుమ్మం వైపు తిప్పితే ఎవరొచ్చారో తెలుస్తుంది తప్ప పక్క మార్చారో లేదో తెలియదు. దానికంటే సూపర్‌వైజర్ చెప్పకుండా రావడం మేలు.

వస్తువుల సంగతి రెండు మాటల్లో. సముద్రగాలికి వీల్‌చైర్ బ్రేకు తుప్పు పట్టి పట్టడం మానేస్తుంది, కుర్చీలోకి దించే ముందు ప్రతిసారీ ఊపి చూడాలి. ఎయిర్ బెడ్ కరెంటు పోతే కొన్ని రకాల్లో గాలి దిగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్‌కి కలిపించాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరిది. అందుకే కింద మామూలు ఫోమ్ పరుపు కూడా ఉంచాం, తుపాను హెచ్చరిక వస్తే రాత్రి మనిషి మధ్యాహ్నమే వచ్చేయాలని ఏజెన్సీతో ముందే మాట్లాడుకున్నాం.

ఈ రెండో ఏజెన్సీకి నేను ఐదుకి మూడున్నర ఇస్తాను. సూపర్‌వైజర్‌కి ఐదుకి ఐదు. పోయిన మార్కులు రెండు కారణాలకి. నేను ఇచ్చేదాంట్లో అటెండర్ చేతికి సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే వెళ్తోంది, అందుకే మంచివాళ్లు నాలుగైదు నెలలకి బయట నేరుగా పనికి కుదురుకుని వెళ్లిపోతున్నారు. రెండోది సంక్రాంతి. భోగికి రెండు రోజుల ముందే ఇద్దరూ ఊళ్లకి వెళ్తారు, వెళ్లాలి కూడా, వాళ్లకీ పిల్లలున్నారు. పోయినసారి ఏజెన్సీ పంపిన రిలీవర్‌కి అత్తయ్యగారు కుడివైపు కదలరన్న సంగతి కూడా ఎవరూ చెప్పలేదు, నోట్‌బుక్ తెరిచి తనే తెలుసుకుంది. ఈసారి రిలీవర్ ఎవరో పేరుతో సహా డిసెంబరులోనే చెప్పమన్నాను. పండక్కి ముందు ఒక పూట ఆమె వచ్చి మా ఇద్దరు అటెండర్లతో కలిసి పని చేయాలి, ఆ పూట డబ్బు మేమే ఇస్తాం. ఏజెన్సీ సరేనంది, పేరు ఇంకా చెప్పలేదు.