ఓవర్‌క్లాక్ పీసీ కొనేటోళ్లు జాగ్రత్త: షాపుల చూపించే టెంపరేచర్ ఒక్కటి చూసి పైసలు ఇయ్యకండి

హన్మకొండల ఓవర్‌క్లాక్ చేయించిన (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటె పైకి నడిచేటట్టు సెట్ చేయించిన) పీసీ తీసుకుందామనుకునేటోళ్లు పైసలు కట్టేముందు ఇది చదవండి. నిన్న సాయంత్రమే షాపు నుంచి రెండోసారి వాపస్ తెచ్చిన. కోపంల రాస్తున్న, కానీ ఒక్క అంకె కూడా పెంచి రాస్తలేను. షాపు పేరు రాయను.

నేను తీసుకున్నది ఇంటెల్ ఐ7-13700కె ప్రాసెసర్, జెడ్790 మదర్‌బోర్డు, 240 ఎంఎం రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ (నీళ్లు తిప్పి చల్లబరిచేది). ఓవర్‌క్లాకింగ్‌కు వేరేగ 4,500 రూపాయలు. "పీ-కోర్లన్నీ 5.6 అన్నా, ఫుల్ లోడ్‌ల 70 దాటదు, గ్యారంటీ" అన్నడు షాపోడు. పీ-కోర్లంటే ప్రాసెసర్‌ల వేగంగ నడిచే పెద్ద కోర్లు, 5.6 అంటే గిగాహెర్ట్జ్, 70 అంటే డిగ్రీలు. ఏసీ గదిల రెండు నిమిషాలు గేమ్ పెట్టి, కూలర్ పంపు మీది స్క్రీన్ చూపించిండు. 38. ఆ 38 డిగ్రీలు ప్రాసెసర్‌ది కాదు, లోపల తిరిగే నీళ్లది. ప్రాసెసర్ సెకన్లల్ల వేడెక్కుతది, నీళ్లు మాత్రం నిలకడకు రావాలంటే పావుగంట, ఇరవై నిమిషాలు పడుతది. రెండు నిమిషాల డెమోల ఏ లిక్విడ్ కూలరైనా మంచిగనే కనపడుతది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా "పావుగంట సినీబెంచ్ పెట్టు" (ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ వేసి స్కోరు ఇచ్చే టెస్ట్) అని అడగలే. ఆ తప్పు నాదే.

ఇంట్ల గది 37 డిగ్రీలు. సినీబెంచ్ ఆర్23 పెట్టిన పది సెకన్లల్ల 100 తాకింది. ఈ చిప్‌కు 100 అంటే ఆఖరి హద్దు, అక్కడ తనంతట తనే వేగం తగ్గించుకుంటది. 5.6 నుంచి 4.9కు పడిపోయింది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోల (సెన్సర్ల లెక్కలు చూపించే ప్రోగ్రాం) ప్యాకేజ్ పవర్, అంటే ప్రాసెసర్ మొత్తం లాగే పవర్, 300 వాట్ల దగ్గర. బయోస్‌ల (మదర్‌బోర్డు సెట్టింగుల మెను) వోల్టేజ్ 1.42 ఫిక్స్‌డ్, లోడ్-లైన్ క్యాలిబ్రేషన్ (లోడ్ పడ్డప్పుడు వోల్టేజ్ పడిపోకుండ చూసే సెట్టింగ్) అన్నిటికంటె పై లెవెల్‌ల. ఇది ట్యూనింగ్ కాదు, బూట్ అయ్యేదాక వోల్టేజ్ ఎక్కించి వదిలేసిన పని.

లెక్క చూడండి. పవర్ అనేది వేగంతోని సమానంగ పెరుగుతది, వోల్టేజ్‌తోని మాత్రం వర్గంగ పెరుగుతది. 5.3 నుంచి 5.6కు పోతే దొరికే వేగం 6 శాతం కూడా కాదు. దానికోసం 1.25 వోల్ట్‌లను 1.42 చేస్తే పవర్ దగ్గర దగ్గర 36 శాతం పెరుగుతది. ఆ వేడినంత 240 రేడియేటర్ ఎండకాలంల మోయలేదు.

వాపస్ తీస్కపోయి ఇచ్చిన. రెండు రోజులు పెట్టుకొని "సెట్ అయింది, వచ్చి తీస్కపో అన్నా" అని ఫోన్ చేసిండు. నా ముందటనే సినీబెంచ్ పెట్టిండు. పది నిమిషాలు నడిచింది, 71 దాటలే. "చూసినవా, ఇప్పుడు ఖుషేనా?" అన్నడు. నేను స్కోరు వచ్చేదాక ఆగిన. 22 వేల చిల్లర వచ్చింది. ఏ మార్పూ చెయ్యని 13700కె, మంచి కూలింగ్ ఉంటే, 253 వాట్ల లిమిట్‌తోని 30 వేల చుట్టూ రావాలె. బయోస్ తెరువుమన్న. వద్దన్నడు, "దాంట్ల వేలు పెడితే వారంటీ పోతది" అన్నడు. నేనే రీస్టార్ట్ చేసి తెరిచిన. పీఎల్1 95, పీఎల్2 95 వాట్లు (ప్రాసెసర్ ఎంతసేపైనా లాగగల, కొద్దిసేపు లాగగల పవర్ హద్దులు). ఇంటెల్ ఈ చిప్‌కు ఇచ్చిన బేస్ పవర్ 125, గరిష్ఠం 253. వోల్టేజ్ ఆటోకు మార్చి, మల్టిప్లయర్ (100 మెగాహెర్ట్జ్‌కు ఎన్ని రెట్ల వేగమో చెప్పే అంకె) మాత్రం 56 మీదనే ఉంచిండు, ఖాళీగ ఉన్నప్పుడు స్క్రీన్ మీద 5.6 కనపడాలని. లోడ్ పడంగనే 4 దగ్గరికి దిగుతుంది.

ఓవర్‌క్లాక్‌కు పైసలు తీస్కొని, డబ్బాల నుంచి తీసినప్పుడు ఉండే స్పీడ్ కంటె కిందికి దించి ఇచ్చిండు. అడిగితే ఏమన్నడంటే, "నీకు టెంపరేచరే గదా తక్కువ కావాల్సింది, తగ్గించిన. స్కోర్లు గీర్లు ఎవడు చూస్తడు?" పక్కన ఇంకో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నరు. 4,500 వాపస్ ఇయ్యమంటే "అది లేబర్ అన్నా, వాపస్ ఉండదు. వరంగల్ ఎండలకు నేనేం జెయ్యాలె?" అన్నడు. పని రాకపోతే రాలేదని చెప్పొచ్చు, నేను సర్దుకునేటోన్ని. కానీ లిమిట్ దాచిపెట్టి, స్పీడ్ చూపించి, బయోస్ తెరువొద్దని భయపెట్టుడు పని రాకపోవుడు కాదు, మోసం.

95 వాట్లకే 71 అంటే కూలర్ సరిగ్గ కూసోలేదని అక్కడే అర్థమైంది. రాత్రి విప్పి చూసిన. కూలర్ పాత మాడల్, బిగించింది ఇంటెల్ పాత 1200 సాకెట్ స్టాండాఫ్‌లతోని (కూలర్‌ను బోర్డు మీద నిలబెట్టే స్క్రూ కాళ్లు). ఈ చిప్ కూసునే 1700 సాకెట్‌కు రంధ్రాల మధ్య దూరం 78 ఎంఎం, పాతదానికి 75. ప్రాసెసర్ ఎత్తు కూడా కొంచెం తక్కువ. పాత స్టాండాఫ్‌లు పెడితే స్క్రూ చివరిదాక బిగిసినట్టే ఉంటది, ఒత్తిడి మాత్రం పడదు. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చేది) నడుమ మందంగ అట్లనే నిలిచి ఉంది, అంచులకు పారనే లేదు. పంపు వైరు చాసిస్ ఫ్యాన్ హెడర్‌కు (క్యాబినెట్ ఫ్యాన్ వైరు పెట్టే బోర్డు మీది పిన్నులు) పెట్టిండు, అది సైలెంట్ ప్రొఫైల్‌ల ఉంది, పంపు సగం వేగం కూడా తిరుగుతలేదు. పంపుకు వేరే హెడర్ ఉంటది, దాన్ని ఎప్పుడూ 100 శాతం మీదనే ఉంచాలె.

అన్నిటికంటె బాధ బయోస్ వెర్షన్ చూసి అయింది. 13, 14 జనరేషన్ చిప్‌లు ఎక్కువ వోల్టేజ్‌కు లోపల దెబ్బతింటున్నయని 2024ల ఇంటెల్ ఒప్పుకొని మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తోని వచ్చే ప్రాసెసర్ లోపలి కోడ్) ఇచ్చింది. ఆగస్టుల 0ఎక్స్129, సెప్టెంబర్‌ల 0ఎక్స్12బి. ఈ బోర్డుల ఉన్నది అంతకంటె పాతది. ఒకసారి దెబ్బతిన్న చిప్‌ను ఏ అప్‌డేటూ బాగు చెయ్యదు. ఇంటెల్ ఈ చిప్‌లకు వారంటీ ఇంకో రెండేండ్లు పెంచింది, కానీ ట్రే ప్రాసెసర్ (డబ్బా లేకుండ విడిగ అమ్మేది) అయితే అమ్మినోని దగ్గరికే పోవాలె. నాకు డబ్బా ఇయ్యలే. "డబ్బా ఏం జేస్కుంటవ్ అన్నా" అన్నడు. అప్పుడే లేచి రావాల్సింది.

సరైన స్టాండాఫ్‌లు, కొత్త పేస్ట్, పంపు సరైన హెడర్‌కు. బయోస్ అప్‌డేట్ చేసి, అన్నీ డిఫాల్ట్‌కు తెచ్చి మొదటినుంచి పెట్టిన. మీరూ చేస్కోవాలంటే ఇట్ల చెయ్యండి. మల్టిప్లయర్ ముట్టకండి. పీఎల్1, పీఎల్2 రెండూ 180 వాట్లు పెట్టండి. వోల్టేజ్ ఫిక్స్‌డ్ వద్దు, అడాప్టివ్ (వేగాన్ని బట్టి తనే మారేది) పెట్టి ఆఫ్‌సెట్, అంటే దాంట్లకెళ్లి తగ్గింపు, మైనస్ 0.030 వోల్ట్‌తోని మొదలువెట్టి, ఒక్కో మెట్టుకు వోల్టేజ్ ఇంకో 0.010 తగ్గించుకుంట పోండి. ప్రతి మెట్టుకు సినీబెంచ్ అరగంట. హెచ్‌డబ్ల్యూఇన్ఫోల వీయా ఎర్రర్ (విండోస్ పట్టుకునే హార్డ్‌వేర్ తప్పు) ఒక్కటి కనపడ్డా రెండు మెట్లు వెనక్కి రండి. క్లాక్ అంతే చూపిస్తూ స్కోరు పడిపోతే సీఈపీ (వోల్టేజ్ మరీ తక్కువైతే చిప్ పనిని నెమ్మది చేసే రక్షణ) అడ్డం పడుతున్నట్టు, అప్పుడు కూడా వెనక్కే. ఇది కుదిరినంకనే పీ-కోర్ 100 మెగాహెర్ట్జ్ పెంచే ఆలోచన. ఈ చిప్ మీద, ఈ ఊర్ల, అంతకుమించి ఆశ పెట్టుకోవుడు దండుగ.

ఎందుకంటే మామూలు కూలర్ ఏదైనా గది వేడికంటె కిందికి దించలేదు. ఏసీల 22 డిగ్రీలున్నప్పుడు 85 చూపించే ప్రాసెసర్, అదే లోడ్‌కు 38 డిగ్రీల గదిల 101 కావాలె, అంటే హద్దు దాటి స్పీడ్ తగ్గుతది. షాపోడు ఏసీల చూపిస్తే ఆ తేడా మీరే కలుపుకొని లెక్క చెయ్యండి. ఇంట్ల నీళ్ల కూలర్ గాలి నేరుగ క్యాబినెట్ మీదికి తిప్పకండి, తేమకు దుమ్ము ముద్దలు కట్టి రేడియేటర్ రెక్కల నడుమ కూసుంటది. ఇంకొకటి, 600 వీఏ యూపీఎస్‌లు ఎక్కువ మటుకు 360 వాట్లవే. ప్రాసెసర్ ఒక్కటే 300 లాగితే కరెంట్ పోయినప్పుడు అది ఆపలేదు.

కొనేటప్పుడు టెంపరేచర్ అడిగితే సరిపోదు. అప్పుడు ఎన్ని వాట్లు, ఎంత క్లాక్, గది ఎంత, ఎంతసేపు నడిచింది, స్కోరు ఎంత, ఈ ఐదూ ఒకే స్క్రీన్‌షాట్‌ల పెట్టించుకోండి. ప్రాసెసర్ డబ్బా, దాని మీది సీరియల్ నంబర్, జీఎస్టీ బిల్లు లేకుంటే తీసుకోకండి. నాకు ఇచ్చింది ఎస్టిమేట్ చిట్టీ. అయినా ఫోన్‌పే రసీదు, బయోస్ ఫొటోలు ఉన్నయి. ఇయ్యాల 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి ఫిర్యాదు పెడుతున్న, అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత.