గోతం బొమ్మతో మొదలయ్యే లెక్కల పుస్తకం

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక పుస్తకాల షాపులో 150 రూపాయలకు కొన్నాను. భిన్నాలు, సామాన్య సమీకరణాల మీద రాత లెక్కలు. పేరు రాయడం లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా పాప ఏడో తరగతి. 3/4 లోంచి 1/3 తీసెయ్యమంటే కసాగు కట్టి టకటకా చేసేస్తుంది. అదే లెక్క నాలుగు వాక్యాల్లో ఇస్తే పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటుంది.

పుస్తకంలో మొదటి పన్నెండు పేజీల్లో ఎక్స్ అనేదే లేదు. తెలియని సంఖ్య ఉన్నచోట మూతి కట్టిన గోతం బొమ్మ వేశారు. రెండు గోతాలు, ఇంకో 5 కిలోలు కలిపి 65 కిలోలైతే గోతంలో ఎంత? పాప 5 తీసేసి, సగం చేసి 30 అంది. పదమూడో పేజీ నుంచి గోతం పోయి ఎక్స్ వచ్చింది. టెన్షన్ లేకుండా దాటేసింది.

నాకు బాగా నచ్చింది ప్రతి లెక్క కింద ఉండే ‘దేనిలో?’ అనే ఖాళీ గీత. భిన్నం కనిపించగానే అది దేనిలో భాగమో ముందు రాయాలి. ఈ లెక్క చూడండి: రైతు పండిన ధాన్యంలో 1/3 వంతు మిల్లుకు తోలాడు. మిగిలినదానిలో 1/4 వంతు ఇంటికి ఉంచుకున్నాడు. ఇంకా 9 పుట్లు ఉన్నాయి. మొత్తం పంట ఎంత? పాప 1/3, 1/4 కలిపేసి 7/12 పోయింది అనుకుని 21.6 తెచ్చింది. గీత మీద ‘మిగిలిన 2/3 లో’ అని రాయించాక దారిలో పడింది. 2/3 లో పావు అంటే 1/6. మొత్తం సగం పోయింది, మిగతా సగం 9, కాబట్టి 18 పుట్లు. నేను బుచ్చిరెడ్డిపాళెంలో మిల్లు గుమాస్తాని. తరుగు తీశాక మిగిలినదానికి కట్టాల్సిన డబ్బు మొత్తానికి కట్టిస్తే మా ఓనరు ఊరుకుంటాడా? మా వైపు పుట్టి అంటే 850 కిలోలు మరి.

అసలు కథ వెనక జవాబుల పేజీలో ఉంది. ఆ లెక్కకి జవాబు 21 3/5 అని అచ్చేశారు! రాసినాయన తన గీత తనే నింపలేదు. పాప ముఖం చిన్నబోయింది. “పుస్తకంలో తప్పుంటుందా నాన్నా?” అంది. ఇద్దరం కూర్చుని సరిచూశాం. 18 లో 6 పోతే 12, అందులో 3 పోతే 9, సరిపోయింది. 21.6 లో 7.2 పోతే 14.4, అందులో పావు 3.6 పోతే 10.8. తొమ్మిది ఎక్కడ? ఇలాంటివి ఇంకో మూడు దొరికాయి. షాపాయన్ని అడిగితే “మేం అచ్చేస్తామా సార్, అమ్ముతాం” అన్నాడు.

కాగితం పల్చన, పెన్నుతో రాస్తే వెనక్కి దిగుతుంది. పిజ్జా ముక్కల లెక్కలు మరీ ఎక్కువ, బుచ్చిలో పిల్లలు దోశ పంచుకోరా?

అయినా కొనమనే చెబుతాను. జవాబుల పేజీలు మాత్రం కత్తిరించి దాచేయండి, నేనలాగే చేశాను. ఇప్పుడు పాప ఏ జవాబు వచ్చినా తిరిగి లెక్కలో పెట్టి చూస్తోంది. నిన్న వయసుల లెక్క చేసింది: తండ్రి వయసు కూతురి వయసుకు మూడు రెట్ల కన్నా 4 ఎక్కువ, ఇద్దరిదీ కలిపి 52. కూతురికి 12, తండ్రికి 40 వచ్చింది. “నా వయసు సరిపోయింది నాన్నా, నీదే తప్పు. నీకు 44 కదా” అంది.