ఇంటర్‌కి పిల్లని హాస్టల్లో వేయాలా, ఇంటి దగ్గర్నుంచే పంపాలా? ఏది మేలు?

మా పాప ఈ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తుంది. పరీక్షలింకా రాయనే లేదు, డిసెంబర్ నుంచే కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి కూర్చుంటున్నారు, ఇప్పుడు 5 వేలు కట్టి సీటు రిజర్వ్ చేసుకోండి ఫీజులో 30 వేలు తగ్గిస్తాం అంటారు. మాది రేపల్లె పక్కన పల్లెటూరు. ఊళ్ళో సగం మంది పిల్లలు ఇంటర్ అనగానే విజయవాడ వైపు క్యాంపస్ హాస్టళ్ళకి వెళ్ళిపోతారు, వెళ్ళకపోతే ఏమ్మా డబ్బుల్లేవా అని మొహానే అడిగేస్తారు. మా ముందు మూడు దార్లున్నాయి. కార్పొరేట్ రెసిడెన్షియల్, తెనాలిలో డే స్కాలర్, లేదా గవర్నమెంటు గురుకుల జూనియర్ కాలేజీ. పెద్దాణ్ణి 2022లో కార్పొరేట్ హాస్టల్లో వేసి రెండేళ్ళు చూశాం కాబట్టి ఈసారి ఎవరో చెప్పారని కాకుండా నేను చూసింది చూసినట్టు రాస్తున్నా, ఇదే ఆలోచనలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని.

అందరూ చెప్పే మాట ఒకటుంది, హాస్టల్లో ఉంటే పిల్లలు వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నిలబడటం నేర్చుకుంటారు అని. నేనూ అదే నమ్మాను. మావాడు ఎనిమిదో తరగతిలోనే సైకిలేసుకుని రేపల్లె వెళ్ళి వాళ్ళ తాతకి బీపీ మందులు తెచ్చేవాడు, చిల్లర లెక్క చూసుకుని ఇచ్చేవాడు, అలాంటివాడు హాస్టల్‌కి వెళ్తే ఇంకా గట్టిపడతాడు అనుకున్నాం. అక్కడ ఏం జరిగిందంటే పొద్దున 5కి బెల్లు, 6కి స్టడీ అవరు, క్లాసులు, మళ్ళీ స్టడీ అవరు, రాత్రి 10:30కి లైట్లు ఆపేయటం, బట్టలు లాండ్రీకి, అన్నం లైన్లో, ఫోన్ ఆదివారం వార్డెన్ ముందు 5 నిమిషాలు, వెనకాల ఇంకా పదిమంది నిలబడి ఉంటారు. రెండేళ్ళలో వాడు సొంతంగా నిర్ణయం తీసుకోవాల్సిన పని ఒక్కటి కూడా లేదు, ఏ పుస్తకం ముందు తీయాలో కూడా వాళ్ళే చెప్తారు. మార్కులు బాగానే వచ్చాయి, ఆ మాట కాదనను, లెక్చరర్లు గట్టివాళ్ళు, వారం వారం టెస్టులు పెట్టి చదివించారు. కానీ బీటెక్‌లో చేరాక బెల్లు కొట్టేవాళ్ళు లేరు, లేపేవాళ్ళు లేరు, మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఏంట్రా నాన్నా అంటే "ఎప్పుడు చదవాలో నాకు తెలియట్లేదమ్మా" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇంకోటి బ్యాచ్‌ల సంగతి. మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కి మార్చేస్తారు, రూమ్ కూడా మారుతుంది, అప్పటిదాకా పక్కన పడుకున్న ఫ్రెండ్ వేరే ఫ్లోర్‌కి వెళ్ళిపోతాడు. మావాణ్ణి ఫస్టియర్ దసరా తర్వాత మార్చారు, మాకు సంక్రాంతికి తెలిసింది, అదీ బట్టలు సర్దుతుంటే ఐడీ కార్డు మీద సెక్షన్ పేరు చూసి. జ్వరం వచ్చి మూడు రోజులు సిక్ రూమ్‌లో పడుకుంటే నాలుగో రోజు ఫోన్ చేశారు. విశాఖలో నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి హాస్టల్లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో కొన్ని గైడ్‌లైన్స్ ఇచ్చింది, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, 100 మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న చోట కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సిలర్ ఉండాలని. క్యాంపస్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏసీ ఉందా లేదా అని కాదు, కౌన్సిలర్ ఎవరు, ఆవిడ గది ఎక్కడ, ఒకసారి కలవొచ్చా అని అడగండి. నేను ఈ జనవరిలో రెండు చోట్ల అడిగా, ఒకచోట ఫ్లోర్ ఇంచార్జ్‌నే చూపించారు. మీ పిల్ల ఫోన్లో "బానే ఉన్నా" అని ఒకే ముక్క చెప్పి పెట్టేస్తుంటే ఆదివారం దాకా ఆగొద్దు, వెళ్ళి చూడండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి గవర్నమెంటు వాళ్ళది టెలి మానస్ 14416 అని ఫ్రీ నంబర్ ఉంది, తెలుగులో మాట్లాడతారు, పిల్లలకే కాదు మనకీ పనికొస్తుంది.

ఇక హాస్టల్ అంటే అన్నీ ఒకటే అనుకోవటం కూడా తప్పే. మా అక్క కొడుకు చిలకలూరిపేట దగ్గర మద్దిరాల నవోదయలో, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడిలో, ఆరో తరగతి నుంచి చదివాడు. ఎంట్రన్స్ రాసి వెళ్ళాలి, సీట్లలో 75 శాతం పల్లెటూళ్ళ పిల్లలకే, అన్నం బట్టలు పుస్తకాలు అన్నీ వాళ్ళే ఇస్తారు, తొమ్మిదో తరగతి నుంచి నెలకి 600 కడితే చాలు, అదీ ఆడపిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, పేదవాళ్ళకి లేదు. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయకి పంపుతారు, అక్కడి పిల్లలు ఇక్కడికొస్తారు. అక్క కొడుకూ వెళ్ళాడు. మొదటి నెల రొట్టెలు తినలేక, చలికి, భాష రాక ఉత్తరాల్లో ఏడుపే, మా అక్క ఇక్కడ అన్నం తినటం మానేసింది. వచ్చేటప్పటికి హిందీ గడగడా మాట్లాడుతున్నాడు, బట్టలు ఉతుక్కుంటాడు, మెస్‌లో వడ్డిస్తాడు, హౌస్ కెప్టెన్‌గా చిన్న పిల్లల్ని చూసుకున్నాడు. కాళ్ళ మీద నిలబడటం అంటే అది. హాస్టల్ గొప్పా ఇల్లు గొప్పా అని కాదు, అక్కడ పిల్లాడి చేతికి ఏదన్నా పని, ఏదన్నా బాధ్యత ఇస్తున్నారా అన్నదే తేడా అని నాకనిపిస్తుంది. కష్టాలు లేవని కాదు, ఏడో తరగతిలో గజ్జి పట్టి నెల రోజులు ఇంట్లోనే ఉన్నాడు, సీనియర్లు బట్టలు ఉతికించుకోవటం కూడా ఉండేది.

ఇప్పుడు పాపకి పదో తరగతి కాబట్టి మాకు ఏపీఆర్‌జేసీ ఉంది, అదే ముందు చెప్పిన గవర్నమెంటు గురుకుల జూనియర్ కాలేజీ. పీవీ నరసింహారావు గారి చొరవతో 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలుపెట్టిన గురుకులాల దారే ఇది. నిమ్మకూరులో అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ చదివే కాలేజీ ఉంది, మాకు పెనుమూడి వారధి దాటితే అటువైపే, నాకు బుద్ధి పుట్టినప్పుడు వెళ్ళి చూసిరావచ్చు. ఫీజు లేదు. ఎంట్రన్స్‌లో సీటు రావాలి, అదే కష్టం. జేఈఈ కోచింగ్ కార్పొరేట్ అంత గట్టిగా ఉంటుందని అనుకోవద్దు, ఐఐటీయే కావాలి అని పిల్లే పట్టుబట్టి ఉంటే అది ఆలోచించాల్సిన విషయమే. బాత్రూములు, నీళ్ళు, వంటగది ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కళ్ళారా చూడకుండా చేర్చొద్దు.

డే స్కాలర్ సంగతి తేలిగ్గా తీసేస్తారు గానీ నాకు దాని మీదే ప్రేమ. రేపల్లె నుంచి తెనాలికి రైలుంది, రానూపోనూ, స్టేషన్లో ఎదురుచూపులు కలిపితే రోజుకి మూడు గంటలు పోతుంది, చలికాలం చీకటి పడ్డాక దిగాలి, వాళ్ళ నాన్న బండేసుకుని స్టేషన్‌కి వెళ్ళాలి, నేను 5కి లేచి క్యారేజీ కట్టాలి. రాత్రి ఫోన్ పట్టుకుంటుంది, అదో గొడవ. కానీ అన్నం తింటూ ఈరోజు ఫిజిక్స్ సార్ ఏమన్నాడో, ఏ టెస్టులో ఏడుపొచ్చిందో చెప్తుంది కదా, పెద్దాడి విషయంలో నాకు దక్కనిది అదే.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, అందరిళ్ళూ ఒకలా ఉండవు. తండ్రి తాగొచ్చి రోజూ గొడవ చేసే ఇంట్లో, ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో పిల్లకి హాస్టలే ఊపిరి. మా వీధిలో పదో తరగతి అవగానే పెళ్ళి చేసేద్దాం అనుకున్న పిల్లని వాళ్ళ టీచరమ్మ బతిమాలి కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్‌లో చేర్పించింది, ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఆ పిల్లకి ఇంటి దగ్గరే మేలు అని నేనెలా అంటాను?

మా ఇంటి వరకు అయితే తేలిపోయింది. కార్పొరేట్ హాస్టల్ వద్దు, పీఆర్వోకి ఆ మాట చెప్పేశాను. పాపని కూర్చోబెట్టి అడిగితే "నిమ్మకూరు వస్తే వెళ్తా, రాకపోతే తెనాలి, కానీ నెలకోసారి మీరు రావాలి, ఫోన్ చాలదు" అంది. ఏపీఆర్‌జేసీ పాత పేపర్లు తెచ్చి ఇచ్చాం, రాత్రి ఎనిమిదింటికి రోజుకొకటి చేస్తోంది. వాళ్ళన్న ఆదివారాలు ఫోన్లో లెక్కలు చెప్తున్నాడు, ఏ టైముకి కూర్చోవాలో మాత్రం నువ్వే రాసుకో అని దానికి గట్టిగా చెప్పాడు.